గోడ మీద అత్త దీపం

హౌకిలంపి,
అక్టోబరు, మొదటి మంచు పడిన వారం

సాతూ,

నేను బాగానే ఉన్నాను, మోకాలు తప్ప. నువ్వెలా ఉన్నావో ఉత్తరంలోనే రాయి, ఫోను చెయ్యకు. ఫోనులో నీ మాట నాకు సగమే వినపడుతుంది. ఆ సగానికి నేను కేకలేసి జవాబు చెబుతుంటే, పక్కవాటా వెయ్కో మనం దెబ్బలాడుకుంటున్నామనుకుని కాఫీ పట్టుకుని వస్తాడు ఓదార్చడానికి. నిజానికి వినడానికే వస్తాడు.

నువ్వు ఆగస్టులో నా అలమార పక్కన పెట్టి వెళ్లిన పెట్టె సంగతి అడగాలి. రాత్రీ పగలూ గుర్రుమంటూనే ఉంది. దాని మీద ఒక దీపమన్నా లేదు, బాగుందో లేదో చూసుకోవడానికి. చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. ఎంత వెచ్చగా ఉంటే భయపడాలో నువ్వు చెప్పలేదు. కర్టెను దానికి తగలకుండా పిన్నులు పెట్టి పైకి మడిచాను. అయినా పడుకున్నాక ఒకసారి లేచి చూసి వస్తున్నాను.

నీ ఫొటో పేపర్లో పడిందని వెయ్కో తెచ్చి చూపించాడు. ఆ మెడలో ఉన్నిగుడ్డ చుట్టుకున్నాయన మీ పెద్దాయన అన్నమాట. నీకు జుట్టు దువ్వుకునే తీరిక లేకపోయిందా. కింద రాసినది రెండుసార్లు చదివాను. వసంతంలో మీ పనిని బయటివాళ్లకు తెరుస్తారట. బయటివాళ్లంటే ఎవరు? ఈ పెట్టె కూడా అందులోదే కదా. వాళ్లు దీనిలోంచి నా ఇంట్లోకి చూడగలరా? అలమారలో మా అమ్మ వెండి చెంచాలు ఉన్నాయి. ఎవరికీ చెప్పలేదు, నీకే చెబుతున్నాను, నువ్వూ ఎవరికీ చెప్పకు.

మీ నాన్న తౌనో ఉంటే వాణ్ణి అడిగేదాన్ని. మా తమ్ముడికి తెలియకపోయినా తెలిసినట్టు చెప్పేవాడు, నాకు నిద్ర పట్టేది.

మీ అత్త
హెల్వి


ఔలు,
అక్టోబరు చివర

అత్తా,

చెంచాలకు ఏమీ కాదు. ఆ పెట్టెలోంచి బయటికి వెళ్లేది ఒక్క మాటే: ఇచ్చిన పని సరిగ్గా జరిగిందా, చెడిందా. ఇంకేమీ వెళ్లదు. వెచ్చగా ఉండటం మామూలే. పిన్నులు తీసెయ్యి, కర్టెను పాడవుతుంది.

మళ్లీ చెబుతాను. ఎవరైనా ఒక ప్రోగ్రాం రాస్తే, అది పనిచేస్తుందో లేదో వేల పరీక్షలు పెట్టి చూడాలి. ఒక్క కంప్యూటరుకు ఇస్తే రోజంతా పడుతుంది. అందుకని పరీక్షల్ని ముక్కలు చేసి చాలా కంప్యూటర్లకు పంచి, అందరి జవాబులూ ఒకచోట పోగేసి చూపించే చట్రం ఒకటి నేను రాశాను. పేరు తల్కోత్. ఆ పేరెందుకో నీకు చెప్పక్కర్లేదు. ఒకరి గడ్డి కోతకు ఊరంతా కొడవళ్లు పట్టుకుని వస్తే దాన్ని ఏమంటారో నాకంటే నీకే బాగా తెలుసు.

నీ ఇంట్లో ఎందుకంటే, నేను చూసినవాటిలో నీ ఇంటి ఇంటర్నెట్ లైను అంత చెత్త లైను ఇంకోటి లేదు. మంచి లైను మీద ఏదైనా నడుస్తుంది.

ఆఫీసు గోడకు పెద్ద తెర ఉంది. ఒక్కో పెట్టెకు ఒక్కో దీపం. పచ్చగా ఉంటే బాగున్నట్టు, ఎర్రబడితే ఏదో చెడినట్టు. నీ దీపం కింద 'అత్త' అని రాసిపెట్టాను. పొద్దున కాఫీ పోసుకుంటూ ముందు దాన్నే చూస్తాను. పచ్చగా ఉంటే, అత్త లేచింది, కాఫీ తాగింది, వెయ్కోని తిట్టింది అనుకుంటాను. రోజూ ఫోనులో అరుచుకోవడం కంటే నయం.

బయటివాళ్లంటే నాలాంటి వాళ్లే. ఇన్నాళ్లూ తల్కోత్‌ని మా కంపెనీ పనికే వాడాం. మార్చిలో దాన్ని ఎవరైనా తీసుకుని వాడుకునేలా, విప్పి చూసి మార్చుకునేలా బయటపెడుతున్నాం, ఊరికే. మొదట వాడతామని ముందుకొచ్చింది మన తుర్కు పట్నంలో ఒక చిన్న కంపెనీ. రోగుల నరంలోకి మందు ఎక్కించే పంపులు చేస్తారు. పంపు లోపలి ప్రోగ్రాంను దీనితో పరీక్షిస్తారు. జుట్టు నెరవక ముందు మొదలుపెట్టిన పని, అత్తా. ఇప్పుడు ఒకరికి అక్కరకొస్తోంది. దువ్వుకోవడం మర్చిపోయింది అందుకే.

సాతు


హౌకిలంపి,
డిసెంబరు

సాతూ,

పిన్నులు తీశాను. మళ్లీ పెట్టాను. కర్టెను పాతదే, పాడైతే పాడవనీ.

నీ ఉత్తరం వెయ్కోకి చదివి వినిపించాను, చెంచాల ముక్క వదిలేసి. "పని చేస్తున్నది నీ కరెంటు, పేరు పేపర్లో నీ మేనకోడలికి" అన్నాడు. "నీ పేరు పేపర్లో పడాలంటే చావాలి, తొందరేమిటి" అన్నాను. నవ్వాడు. తరవాత నాకే మంచిగా అనిపించలేదు. అతనికి గుండెకు మాత్రలున్నాయి.

తల్కోత్ అని పేరు పెట్టావు, సంతోషం. కానీ దిగులుగా కూడా ఉంది. మా నాన్న కొట్టం కప్పు వేసినప్పుడు ఏటి అవతలి మనిషి రాలేదు. పొద్దున నుంచీ అందరూ అతని కోసం దారి చూశారు, ఒక్కరూ పేరెత్తలేదు. రానివాణ్ణి ఎందుకు రాలేదని అడగకూడదు, మా అమ్మ అదొకటి ఖచ్చితంగా చెప్పేది. ఇంట్లో ఎవరికన్నా బాగోలేదేమో, తాగి పడున్నాడేమో, అడిగితే చెప్పుకోవాల్సి వస్తుంది కదా. తౌనో నీకు చెప్పే ఉంటాడు. మరి మీ పెట్టెలకు ఇలాంటివి తెలుసా అని ఆలోచిస్తూ పడుకున్నాను.

క్రిస్మస్‌కు వస్తానన్నావు. రోడ్డు జారుడుగా ఉంటే రాకు. నువ్వు రాకపోతే హామ్ ముక్క ఎక్కువైపోతుంది, అది వేరే సంగతి.

హెల్వి అత్త


ఔలు,
జనవరి

అత్తా,

హామ్ ఇంకా తింటూనే ఉన్నాను.

నువ్వు అడిగినది పండక్కి వచ్చినప్పుడు చెబుదామనుకుని మర్చిపోయాను. తెలుసు, వాటికి ఆ మర్యాద నేర్పింది నేనే. మొదట్లో ఎవరి పెట్టె ఆగినా తెర ఎర్రబడేది. ఒకరింట్లో పిల్లి తీగ లాగింది, ఇంకొకరు కొత్త సోఫా జరుపుతూ ప్లగ్గు తీశారు. దానికే ఆఫీసంతా పరిగెత్తేది. సాయానికి పెట్టె పెట్టుకున్నవాళ్లను నేరస్థుల్లా చూడటం నాకు నచ్చలేదు. నాన్న మాట గుర్తొచ్చింది. జవాబు చెప్పని పెట్టె మీద తప్పు వెయ్యకూడదని ఒక చిన్న ముక్క రాశాను. ఆ రోజు నుంచి అందరూ నెమ్మదిగా ఉన్నారు.

మార్చి దాకా రాలేనేమో. బయటివాళ్లు చదివి అర్థం చేసుకునేలా అన్నీ తిరగరాస్తున్నాను. నీ మీద దిగులు లేదు, తెర మీద కనిపిస్తున్నావు.

సాతు


హౌకిలంపి,
ఫిబ్రవరి

సాతూ,

ఇక్కడ అంతా మామూలే. చలి ఎక్కువగానే ఉంది కానీ లోపల వెచ్చగా ఉంది. కిటికీలోంచి భూర్జ చెట్లు కనిపిస్తాయి, వాటి మీద పిట్టలు. గంజి పలచగా ఉంది. అంటే ఈ వారం నేనే పలచగా కాచుకున్నాను, మంచిదంటారు కదా.

నువ్వు రావద్దు. పని వదిలిపెట్టి అసలు రావద్దు. మార్చి అయ్యాక చూద్దాం.

ఒక్క మాట అడుగుతాను, ఊరికే. ఈ మధ్య నా పెట్టె మీ గోడ మీద ఏ రంగు చూపిస్తోంది? ఎర్రగా ఉంటే కంగారు పడకు. పాత ఇల్లు, పాత తీగలు, ఏదో అయి ఉంటుంది.

హెల్వి అత్త


ఔలు,
ఫిబ్రవరి

అత్తా,

పచ్చగా ఉంది. నిన్నా పచ్చే, మొన్నా పచ్చే. ఎప్పుడూ ఏదో ఒక పరీక్ష దగ్గర తడబడే నీ పెట్టె, జనవరి చివరి నుంచి ఒక్కసారి కూడా తడబడలేదు. మా పెద్దాయన యర్మోని తెర దగ్గరికి లాక్కెళ్లి చూపించాను. "మా అత్త ఇంటి లైనునే తట్టుకుందంటే ఇక ఎక్కడైనా నడుస్తుంది" అన్నాను. బయటివాళ్లకు చూపించే బొమ్మల్లో నీ దీపాన్ని కూడా పెడదామన్నాడు. పేరుతో సహా.

తెరిచే రోజుకు పేపరువాళ్లను పిలిచారు. కేకు కూడా చెప్పారు.

గంజి చిక్కగా కాచుకో.

సాతు


హౌకిలంపి,
ఫిబ్రవరి, నీ ఉత్తరం అందిన రోజే

సాతూ,

ఇది చదివి కూర్చో. కాదు, కూర్చుని చదువు.

నా ఇంట్లో ఎవరో ఉన్నారు.

నువ్వు కోప్పడతావు, తెలుసు. జనవరి చివర్లో చెత్తబుట్ట దగ్గర మంచు మీద జారి పడ్డాను. తుంటి ఎముక చీలింది. అప్పటి నుంచీ ఇక్కడి ఆరోగ్యకేంద్రం వార్డులో ఉన్నాను. దగ్గరివాళ్లెవరని అడిగితే వెయ్కో పేరు చెప్పాను. నీ ఉత్తరాలు అతనే తెచ్చిస్తున్నాడు, నీకు రాయవద్దని అతని దగ్గర మాట తీసుకున్నాను. నీకు మార్చిలో అంత పెద్ద పని పెట్టుకుని, ఇక్కడ నా మంచం పక్కన కూర్చుంటే ఎలా? ఉత్తరాల పైన ఊరి పేరే రాశాను, అది అబద్ధం కాదు.

అసలు సంగతి అది కాదు. అంబులెన్సు ఎక్కుతూ వెయ్కోకి చెప్పాను, "ముందు ఆ పెట్టె ప్లగ్గు పీకు, మనిషి లేని ఇంట్లో అది గుర్రుమంటూ ఉండకూడదు" అని. పీకానన్నాడు. శనివారాలు ఆవిరిస్నానానికి సౌనా పొయ్యి వేసినప్పుడు నేనూ పీకేదాన్ని. రెండూ కలిస్తే ఫ్యూజు పోతుంది. నీకు చెప్పలేదు, ఆ గంట సేపటికి నీకెందుకు దిగులని.

మరి అది పచ్చగా ఎలా ఉంది? ఎవరో వచ్చి మళ్లీ పెట్టారు. నా మంచం మీద పడుకుంటున్నారు. వెయ్కోని పంపించి చూసి రమ్మన్నాను. "నీ చెప్పులు, నీ దుమ్ము, అంతే. ప్లగ్గు నేల మీదే ఉంది" అన్నాడు. అతని చూపు అంతంత మాత్రం. అలమార తెరిచి చూడమని అడగలేకపోయాను.

నువ్వు రావద్దు. పోలీసులకు చెప్పాలా వద్దా, అది మాత్రం రాయి.

హెల్వి


ఔలు,
మార్చి మొదట్లో

అత్తా,

ఆదివారం నేను వార్డుకు వచ్చినప్పుడు నువ్వు మందు మత్తులో ఉన్నావు, నేనన్నది ఎంత గుర్తుందో తెలియదు. అందుకని మళ్లీ రాస్తున్నాను.

నీ ఇంట్లో ఎవరూ లేరు. నేనే వెళ్లి చూశాను. చెంచాలు ఉన్నాయి. ప్లగ్గు నేల మీద ఉంది. పెట్టె చల్లగా ఉంది. దాని ముందు నిలబడి ఆఫీసు తెర ఫోనులో తెరిచి చూశాను. 'అత్త' కింద పచ్చగా వెలుగుతోంది.

తప్పు నాది. తెరకు రెండే రంగులు. రానివాళ్ల మీద తప్పు వెయ్యకూడదని నేను రాసిన ముక్క ఉంది కదా, ఎర్రగా చూపకూడని దాన్ని అది పచ్చగా చూపించింది. గడ్డి కోతకు రానివాణ్ణి ఏమీ అనలేదు, బాగానే ఉంది. వాడి వాటా గడ్డి కోసేసినట్టే రాసుకుంది. శనివారాలు వెనక్కి వెళ్లి చూశాను. అన్నీ పచ్చే.

నువ్వు వార్డులో పలచటి గంజి తాగుతుంటే, నేను కాఫీ కప్పుతో ఆ దీపం ముందు నిలబడి, అత్త బాగుంది అనుకున్నాను. రోజూ. భూర్జ చెట్లు అని నువ్వు రాసినప్పుడన్నా చూసుకోవాల్సింది. నీ కిటికీలోంచి కనిపించేది చెట్లు కావు, పెరట్లో తివాచీలు దులిపే కొయ్య.

ఆఫీసులో ఇంకా ఎవరికీ చెప్పలేదు. తెరిచే రోజు దగ్గరికొచ్చేసింది. చెబితే ఆగిపోతుంది, నా చేతిలో కూడా ఉండకపోవచ్చు. చెప్పకపోతే బయటివాళ్లు తీసుకుపోయేది ఇదే. తుర్కువాళ్లు ఇప్పటికే కొన్ని పరీక్షలు దీని మీద నడిపి చూస్తున్నారు.

వచ్చే ఆదివారం వస్తాను. రావద్దని రాయకు.

సాతు


హౌకిలంపి, వార్డు,
మార్చి

సాతూ,

రావద్దని రాయడం లేదు.

నీకు రాయకుండా ఉండాల్సిందని ఒకసారి, ముందే రాయాల్సిందని ఒకసారి అనిపిస్తోంది. నర్సు వచ్చి రక్తపోటు చూసి, ఏమన్నా దిగులు పెట్టుకున్నారా అని అడిగింది. పెట్టుకోనిది ఎప్పుడు, అన్నాను.

నువ్వేం చెయ్యాలో నేను చెప్పలేను. నేను చదివినది ఊరి బడిలో నాలుగు తరగతులు. నీ ఉద్యోగం పోతే ఇల్లెలా గడుస్తుందని రాత్రంతా ఆలోచించాను. అది కూడా నిజమే.

నా పక్క మంచంలో ఒకావిడ ఉంది, ఆమె చేతికి మందు ఎక్కించే పంపు పెట్టారు. మీ తుర్కువాళ్లది కాదేమో, ఎవరిదో. అది కూస్తే నర్సు వచ్చి చూస్తుంది. కుయ్యకపోతే అంతా బాగున్నట్టే, ఎవరూ రారు. ముందు ఆ కూతలకు విసుక్కునేదాన్ని. నీ ఉత్తరం వచ్చాక, అది కుయ్యకుండా ఉన్నంతసేపూ తల తిప్పి ఆమె వైపు చూస్తూ పడుకుంటున్నాను. ఆమె నిద్రలో ఉందా, ఇంకేమన్నానా అని. నిన్న కళ్లు తెరిచి, "ఏమిటమ్మా, నా ముఖంలో ఏముంది" అంది. "ఏమీ లేదు, పడుకో" అన్నాను.

కర్రతో పదడుగులు నడిచాను. వెయ్కో చూసి బాతులా ఉన్నావన్నాడు. తనే ముందు చక్రాల బండిలో కూర్చుంటాడు, చూస్తూ ఉండు.

హెల్వి అత్త


ఔలు,
ఏప్రిల్

అత్తా,

చెప్పాను. నువ్వు అడుగుతావు కాబట్టి ఎలా జరిగిందో రాస్తాను.

ముందు యర్మో, "మీ అత్తగారు ఎలా ఉన్నారు?" అన్నాడు.

"నడుస్తోంది. తెర చెప్పినంత బాగా లేదు."

అంతా విన్నాడు. మెడలోని ఉన్నిగుడ్డ విప్పి బల్ల మీద పెట్టాడు. "చిన్న లోపం. తెరిచాక సరిచేద్దాం. బయటివాళ్లే సరిచేస్తారు, తెరుస్తున్నదే అందుకు కదా."

"ఎర్రగా ఉంటే సరిచేస్తారు. పచ్చగా ఉన్నదాన్ని ఎవరు సరిచేస్తారు?"

"పేపరువాళ్లను పిలిచాం సాతూ. కేకు వచ్చేసింది."

"కేకు మనం తిందాం."

ఉన్నిగుడ్డ మళ్లీ మెడకు చుట్టుకున్నాడు. "సరే. తుర్కువాళ్లకు నువ్వే చెప్పు" అన్నాడు. కోపం లేదు. కోపం ఉంటే తేలికగా ఉండేది.

తుర్కులో ఆ పని చూసే ఆవిడకు ఫోను చేశాను. ఆవిడ ఒకటే అడిగింది, "మా పరీక్షల్లో నిజంగా జరక్కుండానే పచ్చబడినవి ఏవి?"

"తెలియదు" అన్నాను.

ఫోను పెట్టేశాక తెర వైపు చూశాను. నేను ఇప్పుడన్న మాటకు అక్కడ రంగే లేదు. మూడో రంగు ఆ రోజే మొదలుపెట్టాను. బూడిదరంగు. ఎవరి మీదా తప్పు వెయ్యదు, ఎవరినీ మెచ్చుకోదు. తెలియదు, అంటుంది అంతే. అది పెట్టాక తుర్కువాళ్ల పరీక్షలన్నీ మళ్లీ నడిపాం. కొన్ని ఎర్రబడ్డాయి. వాళ్ల పంపు ఇంకా ఏ ఆసుపత్రికీ వెళ్లలేదు, అదొక్కటే మేలు.

తెరిచే రోజు మే చివరికి వాయిదా పడింది. ఆ రోజు మాట్లాడేది యర్మో. నన్ను వెనక వరసలో కూర్చోమన్నారు. ఉద్యోగం ఉంది, పెద్దరికం లేదు. నిద్ర పడుతోంది.

కేకు బాగుంది. నీకొక ముక్క ఫ్రీజర్లో దాచాను, ఆదివారం తెస్తాను.

సాతు


హౌకిలంపి, ఇంటి నుంచి,
జూన్

సాతూ,

పేపరు చూశాను. అందులో ఆ మెడ గుడ్డాయనే ఉన్నాడు. నువ్వు వెనక, ఎవరిదో భుజం మీదుగా సగం ముఖం. ఈసారి జుట్టు దువ్వుకున్నావు. కత్తిరించి అలమారలో పెట్టాను, ఎక్కడో నీకు తెలుసు.

బెల్జియంలో ఎవరో దాన్ని తీసుకుని వాడి, "ఈ బూడిదరంగు మరీ ఎక్కువగా వస్తోంది, చిరాకుగా ఉంది" అని నీకు రాశాడన్నావు. నువ్వు "అవును" అని జవాబిచ్చావట. ఇంకాస్త మర్యాదగా రాయకూడదా. అతను మళ్లీ రాశాడా? బాధపడ్డాడేమో.

ఇల్లు బాగుంది. దుమ్ము వెయ్కో చెప్పినంత లేదు. నువ్వు మళ్లీ ప్లగ్గు పెట్టి వెళ్లాక పెట్టె గుర్రుమంటోంది. ఆ చప్పుడు లేకపోతే ఇప్పుడు నాకే తోచడం లేదు. కర్టెనుకు పిన్నులు పెట్టాను, ఏమీ అనకు.

డాక్టరు సౌనాకు సరేనన్నాడు, వేడి ఎక్కువుండే పై మెట్టు ఎక్కవద్దన్నాడు, ఒక్కదాన్నీ వెళ్లవద్దన్నాడు. ఇన్నేళ్లూ ఒక్కదాన్నే వెళ్లాను. వెయ్కోని పిలవలేను కదా.

ఈ శనివారం సాయంత్రం పొయ్యి వేస్తాను. వెయ్యాలంటే పెట్టె ప్లగ్గు తియ్యాలి. అప్పుడు మీ గోడ మీద నా దీపం బూడిదరంగులోకి మారుతుంది. కంగారు పడి కారెక్కకు. నాకేమీ అయి ఉండదు. అయ్యుండొచ్చు కూడా, అది నీకక్కడ తెలియదు.

వచ్చేటప్పుడు నీ తువ్వాలు తెచ్చుకో. నావి పాతబడ్డాయి.

మీ అత్త
హెల్వి